మోకాలెత్తు గడ్డి ఉన్నా పాలెందుకు తగ్గుతున్నాయి?

ప్రశ్న: మాది షాబాద్ మండలం. 3 ఎకరాల చెలక, చెరువు కింద 2 ఎకరాల నల్లరేగడి ఉన్నాయి. ఈ ఏడాది పత్తి మానేసి మొత్తం మేతకే వదిలాం. 6 బర్రెలు (4 పాలిస్తున్నాయి), 30 గొర్రెలు ఉన్నాయి. పాలు పొద్దున్నే హైదరాబాద్ పోతాయి. మృగశిరలోనే వానలు అందుకోవడంతో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అన్నిటినీ పొద్దున వదిలితే సాయంత్రం దాకా మేస్తున్నాయి. అయినా పాలు తగ్గాయి, వెన్న శాతం తగ్గిందని డెయిరీ వాళ్లు రేటు కోస్తున్నారు. పేడ నీళ్లలా పడుతోంది. రెండు గొర్రెలకు దవడ కింద నీరు దిగింది. రేగడంతా గిట్టలకు బురదైంది. పోయిన ఎండాకాలం వరిగడ్డి కొనడానికే పాల డబ్బంతా పోయింది. ఇంత గడ్డిని ఎట్లా వాడుకోవాలి? ఇప్పుడే సైలేజ్ (పాతరేసి పులియబెట్టే మేత) చేయొచ్చా? భూమంతా సూపర్ నేపియర్ గడ్డి వేయమంటున్నారు, వేయాలా? గడ్డి ఉంది కదా అని ఇంకో 10 గొర్రెలు కొందామనుకుంటున్నాం.

సమాధానం:

మీ చేలో గడ్డి ఉంది గానీ ఆ గడ్డిలో మేత తక్కువ. ముసురులో పెరిగిన లేత గడ్డిలో నూటికి 80 నుంచి 86 పాళ్లు నీళ్లే. 450 కిలోల బర్రెకు నీళ్లు తీసేసి లెక్కేస్తే రోజుకు సుమారు 12 కిలోల ఎండు పదార్థం కావాలి. 15 శాతం ఎండు పదార్థం ఉన్న పచ్చిగడ్డితోనే ఆ 12 కిలోలు రావాలంటే 80 కిలోలు తినాలి. అంత మేయడానికి దానికి పొద్దూ చాలదు, పొట్టా పట్టదు. 45, 50 కిలోల దగ్గర ఆగిపోతుంది, అంటే అందేది 7 కిలోలే. కడుపు నిండినట్టు కనిపించినా బర్రె సగం ఆకలితోనే కొట్టానికి వస్తోంది.

వెన్న పడిపోవడానికి కారణం పీచు. పీచున్న మేత తింటే పశువు ఎక్కువసేపు నెమరేస్తుంది, లాలాజలం ఊరుతుంది, పెద్దపొట్టలో పులుపు అదుపులో ఉంటుంది. పాలలో వెన్న దాదాపు సగం తయారయ్యేది ఆ పీచు పులిసినప్పుడు వచ్చే ఆమ్లాల నుంచే. లేత గడ్డికి నమలాల్సిన పని లేదు, తొందరగా జారిపోతుంది. అందుకే పేడ పలచన, వెన్న తక్కువ. పేడ నీళ్లలా పడటానికి కడుపులో పురుగులు కూడా కారణం కావచ్చు, కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలి. ఆ సంగతి కింద చెబుతాం.

ఎత్తు చూసి గడ్డిని అంచనా వేయడం మానేసి తూకం వేయడం మొదలుపెట్టండి. పెద్ద పనేం కాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు వచ్చేలా నాలుగు కర్రలు కట్టండి. చేలో ఐదారు చోట్ల, బాగా పెరిగిన చోటా పలచగా ఉన్న చోటా, ఆ చట్రం పడేసి లోపలి గడ్డిని రెండు అంగుళాలు వదిలి కోసి తూచండి. సగటు తీయండి. అందులోంచి 200 గ్రాములు సన్నగా తరిగి, ఇనుప పెనం మీద సన్నటి సెగన, మాడకుండా కలుపుతూ ఆరబెట్టండి. మళ్లీ మళ్లీ తూచినా బరువు మారకపోతే ఆరినట్టు. 200 గ్రాములు 36 గ్రాములైతే ఎండు పదార్థం 18 శాతం. ముసురు పట్టిన వారంలో ఇదే గడ్డి 14కి దిగుతుంది, నాలుగు రోజులు తెరిపిస్తే 20కి ఎక్కుతుంది. వారానికోసారి చూస్తే చాలు.

ఇప్పుడు మీ చెలక లెక్క వేద్దాం. చట్రంలో సగటున 800 గ్రాములు వచ్చిందనుకోండి, మీరు చెప్పిన గడ్డికి అది మామూలు అంకె. గుంట అంటే 101 చదరపు మీటర్లు, కాబట్టి గుంటకు 80 కిలోల పచ్చిగడ్డి. అందులో సగమే మేపాలి, మిగతా సగం మళ్లీ చిగురించడానికి ఉండాలి. మేపే 40 కిలోల్లో 18 శాతం అంటే గుంటకు 7 కిలోల ఎండు మేత. 3 ఎకరాలకు, అంటే 120 గుంటలకు, 860 కిలోలు. 30 గొర్రెలకు రోజుకు తలా కిలో చొప్పున 30 కిలోలు, 6 బర్రెలు మేతలో 5 కిలోల చొప్పున తీసుకున్నా మరో 30 కిలోలు. రోజుకు 60. పద్నాలుగు రోజుల్లో చెలక ఖాళీ. ఆ గడ్డి మళ్లీ తేరుకోవడానికి కనీసం నెల కావాలి. అంటే మీ చెలక అన్నిటినీ మోయలేదు, సగం మందినే మోస్తుంది. మీరు చూస్తున్న పచ్చదనం ఆగస్టు మధ్యకల్లా వేళ్లదాకా తెగుతుంది. ఫిబ్రవరిలో వరిగడ్డి కొనాల్సి రావడానికి మూలం ఇక్కడే ఉంది.

అందుకే మా మాట సూటిగా ఇది: వానలు ఉన్నన్నాళ్లు బర్రెలను మేతకు వదలొద్దు, కోసి వేయండి. చెలక గొర్రెలకే ఇవ్వండి. రేగడిలోకి ఏ పశువునూ దించొద్దు.

చెలకను 8 మడులుగా చేయండి, ఒక్కోటి 15 గుంటలు. పై లెక్క ప్రకారం ఒక్కో మడిలో 108 కిలోల ఎండు మేత ఉంటుంది, గొర్రెలకు మూడున్నర రోజులు. సాయంత్రం కొట్టంలో సుబాబుల్, అవిసె రొట్ట గానీ, దాల్ మిల్లు నుంచి తెచ్చిన కంది పొట్టు గానీ గొర్రెకు పావు కిలో వేస్తే నాలుగు రోజులు వస్తుంది. 8 మడులు, నాలుగేసి రోజులు, 32 రోజులకు మళ్లీ మొదటి మడి. మధ్యలో ప్రతి మడికీ 28 రోజుల విశ్రాంతి.

నాలుగు రోజుల హద్దు ఎందుకంటే, గొర్రె పెంటికలతో పడిన పురుగు గుడ్లు వాన, వేడి కలిసిన వాతావరణంలో ఐదారు రోజుల్లో పిగిలి అంటుకునే దశకు వస్తాయి. ఆ లార్వాలు తడి ఆకుల మీదికి పాకి, గడ్డితో పాటు కడుపులోకి పోతాయి. అవి ఆ దశకు రాకముందే మంద అక్కడి నుంచి వెళ్లిపోవాలి. నెల తర్వాత తిరిగొచ్చేసరికి, వేడిమికి శక్తి ఖర్చైపోయి, వాటిలో చాలా వరకు చచ్చి ఉంటాయి. మరో సంగతి, లార్వాల్లో ఎక్కువ భాగం నేల నుంచి రెండు అంగుళాల లోపే ఉంటుంది. గడ్డిని గోకినట్టు మేపితే గొర్రె నోట్లోకి పురుగులే ఎక్కువ పోతాయి. కాబట్టి మంద మడిలోకి దిగేటప్పుడు గడ్డి 8 నుంచి 10 అంగుళాలు ఉండాలి, బయటికి వచ్చేటప్పుడు 3 నుంచి 4 అంగుళాలు మిగలాలి. రోజులు పూర్తి కాకపోయినా 3 అంగుళాలకు దిగితే తోలేయండి. మీ లెక్క కంటే గడ్డి చెప్పిందే సరి.

మిగిల్చిన ఆకే మళ్లీ పెరిగే గడ్డికి పెట్టుబడి. ఆకు ఉంటే ఎండ తీసుకుని వారంలోనే చిగురు పెడుతుంది. పూర్తిగా తెగితే వేళ్లలో దాచుకున్నది ఖర్చు చేసి లేస్తుంది, రెండు మూడుసార్లు అలా చేస్తే మంచి గడ్డి చచ్చి ఆ జాగాలో వయ్యారిభామ దిగుతుంది. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే, చేతికి తొడుగు వేసుకుని వేర్లతో సహా పీకండి. పాలిచ్చే పశువు దాన్ని తింటే పాలకు చేదు వస్తుంది.

కంచె గురించి. 15 గుంటల మడులకు రాతి కడీలు, ముళ్లతీగ అంటే ఖర్చు ఎక్కువ. సోలార్ కంచె పెట్టె ఒకటి, పీకి మళ్లీ పాతుకునే ఫైబర్ కర్రలు, స్టీలు పోగు అల్లిన తాడు చాలు. గొర్రెలకు మూడు వరుసలు కావాలి, నేల నుంచి 8, 16, 28 అంగుళాల ఎత్తుల్లో. కింది వరుసకు గడ్డి తగిలితే షాకు నేలలోకి పోతుంది, కాబట్టి ఆ గీత వెంట గడ్డి కోసి ఉంచాలి. ఇంటి కరెంటును మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీగకు కలపొద్దు. అది మనుషుల ప్రాణాలు తీస్తుంది, నేరం కూడా.

మంద వెళ్లిన మరునాడు ఆ మడిలో గొర్రెలు వదిలేసిన ముదురు పొదలను, పెంట చుట్టూ పెరిగిన గుబుర్లను బ్రష్ కట్టర్‌తో 4 అంగుళాలకు దించేయండి. గడ్డి కంకి వేసిందంటే ఆకు పెట్టడం తగ్గించి కాడ ముదురుతుంది, దాన్ని గొర్రె ముట్టదు. మీ చేలో ఒకచోట గీకినట్టు, పక్కనే నడుమెత్తు పొదలు ఉంటాయని మీ ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది. ఐదెకరాలూ ఒకేసారి వదిలితే పశువు నిన్న మేసిన చోట లేచిన లేత చిగురునే ఈరోజూ వెతుక్కుంటుంది.

ఆగస్టులో, ఆశ్లేష, మఖ కార్తెల్లో, గడ్డి గొర్రెలు మేసేదానికంటే వేగంగా పెరుగుతుంది. అప్పుడు మడులన్నీ తిప్పాలని పట్టుబట్టొద్దు. రెండు మడులను వరుస నుంచి తప్పించి, కోసి బర్రెలకు వేయండి. సెప్టెంబరులో మరో రెండింటిని ఎండుగడ్డికి మూసేయండి.

ఇక రేగడి. మడమ పరీక్ష చేయండి: ఒక కాలి మడమ మీద బరువంతా వేసి నిలబడితే రెండు అంగుళాల కంటే ఎక్కువ దిగితే, అక్కడ పశువు అడుగుపెట్టకూడదు. బర్రె గిట్ట నల్లరేగడిలో గుంట చేస్తుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి, మట్టిలో గాలి ఆడక గడ్డి వేళ్లు కుళ్లుతాయి. ఎండితే అదే జాగా పలుగు దిగనంత గట్టిపడుతుంది. ఇప్పటికే తొక్కిన చోట్ల తెరిపిలో ఒకసారి గొర్రు తోలి సాపు చేయండి.

రేగడిలో ఇప్పుడున్న గడ్డి చెలక కంటే ఒత్తుగా ఉంటుంది. గుంటకు 120 కిలోలు ఉందనుకుంటే, 4 అంగుళాలు వదిలి కోస్తే 85 కిలోల దాకా దొరుకుతుంది. 6 బర్రెలకు 30 కిలోల చొప్పున 180 కిలోలు, అంటే రోజుకు రెండు గుంటల పైచిలుకు. ముందు, సైలేజ్ కోసం మక్క వేయబోయే ఎకరం (ఆ సంగతి కింద చెబుతాం) కోసేయండి, పద్దెనిమిది, ఇరవై రోజుల మేత అక్కడే ఉంది. కోసిన పచ్చిగడ్డిని గుట్టగా పోయొద్దు. తడి గడ్డి గుట్టలో మూడు నాలుగు గంటల్లోనే వేడెక్కుతుంది, ఆ వాసనకు బర్రె మూతి తిప్పేస్తుంది. రేకుల కింద అడుగు మందానికి మించకుండా పరచండి, ఏ పూటకు ఆ పూట కోయడం ఇంకా మంచిది.

పాలిచ్చే బర్రెకు రోజు మేత ఇలా ఉండాలి: చాఫ్ కట్టర్‌లో కొట్టిన పచ్చిగడ్డి 30 కిలోలు, వరిగడ్డి 4 కిలోలు, ఒంటికి కిలోన్నర దాణా, దానిపైన రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున. 6 లీటర్లిచ్చే బర్రెకు మొత్తం నాలుగున్నర కిలోల దాణా అవుతుంది. వీటన్నిటి ఎండు పదార్థం కలిపితే 12 కిలోలు దాటుతుంది. ఖనిజ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. వరిగడ్డి ముందు, పచ్చిగడ్డి తర్వాత. లేదంటే రెండూ కలిపి కొట్టి వేయండి, ఏరుకోవడానికి వీలుండదు. వానాకాలంలో పచ్చిగడ్డి ఉంది కదా అని వరిగడ్డి ఆపేయడం దగ్గరే నష్టం మొదలవుతోంది. వట్టిపోయిన రెండింటికీ పాల దాణా అక్కర్లేదు, చూడివైతే ఈనే ముందు రెండు నెలలు కిలోన్నర పెంచండి.

పచ్చిగడ్డి కొరత వస్తే మూసీ వెంట పెంచే పారా గడ్డి కొనాలనిపిస్తుంది, నగరం చుట్టుపక్కల అది చవక. మురుగునీరు పారిన గడ్డి కాబట్టి పాలిచ్చే వాటికి దాన్ని రోజువారీ మేత చేయొద్దు. బీరు ఫ్యాక్టరీల తడి పిప్పి మంచి మాంసకృత్తుల మేతే, అయితే ఈ తేమలో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. రెండు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

సూపర్ నేపియర్ భూమంతా వేయొద్దు, 20 గుంటలు వేయండి. అది నీరు నిలిస్తే ఓర్వదు, కాబట్టి రేగడిలో ఎత్తైన వైపు, బోదెలు తీసి, బోదె మీద నాటాలి. సాళ్ల మధ్య 3 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులు. రెండు కణుపుల ముక్కలు 3,700 కావాలి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన, కాస్త ఏటవాలుగా. మొదటి కోత 70, 75 రోజులకు, తర్వాత ప్రతి 45 రోజులకు, నేల నుంచి 4 అంగుళాలు వదిలి. సరిగ్గా చూసుకుంటే 20 గుంటల్లో కోతకు 6, 7 టన్నులు వస్తుంది, అంటే రోజుకు 150 కిలోల దాకా. మీ 6 బర్రెలకు దాదాపు సరిపోతుంది. నారు అమ్మేవాళ్లు చెప్పే అంకెలు దీనికి రెట్టింపు ఉంటాయి, వాటిని నమ్మి పశువులను పెంచుకోవద్దు. మరీ లేతగా, నెలలోపే కోస్తే ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ. అవి మేతలోని కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, ఖనిజ మిశ్రమం వేసినా ఫలితం తగ్గుతుంది. కోత తర్వాత 20 గుంటలకు 12 నుంచి 15 కిలోల యూరియా, తేమ ఉండి వాన ఆగినప్పుడు. పెద్ద వాన ముందు చల్లితే చెరువులోకి పోతుంది. యూరియా వేసిన మూడు వారాల దాకా ఆ గడ్డి కోయొద్దు, ముఖ్యంగా మొగులు పట్టిన రోజుల్లో. ఎండ లేనప్పుడు గడ్డి పీల్చుకున్న నత్రజని మాంసకృత్తులుగా మారక నైట్రేటుగా ఉండిపోతుంది, అది పశువుకు విషం.

చెరువు అంచున తడి ఆరని 20 గుంటలు ఇప్పుడున్నట్టే కోతకు ఉంచండి, పారా గడ్డి అక్కడికి బాగా సరిపోతుంది. కానీ నీళ్లలో మునిగిన భాగం కోయొద్దు. కార్జపు జలగ పిల్లలు నత్తల నుంచి బయటికి వచ్చి నీటి అంచున గడ్డికే అంటుకుని ఉంటాయి. గొర్రెలను ఆ వైపు తాగడానికి కూడా తోలకండి, నీళ్లు తొట్టిలోనే పెట్టండి.

చుట్టుపక్కల ఎవరి చేలోనైనా జొన్న ఉంటే, కోసిన మొదళ్ల నుంచి లేచే పిలకల వైపు పశువులను పోనీయకండి. జొన్న నాము మేసి పోయిన పశువుల సంఖ్య ప్రతి ఏడూ తక్కువేం కాదు. బెట్ట తగిలిన తర్వాత వాన పడి లేచిన పిలకల్లో సైనైడ్ మరీ ఎక్కువ. జొన్నను పూత దశ దాటాకే కోసి వేయాలి. తిన్న పశువు తూలుతూ, రొప్పుతూ, నోటి లోపల ఎర్రగా కనిపిస్తే నిమిషాలే ఉంటాయి. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, వెంటనే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

సైలేజ్ ఇప్పుడు వద్దు. 85 శాతం నీళ్లున్న గడ్డిని పాతరేస్తే రసం కారుతుంది, చక్కెర తక్కువ కాబట్టి పుల్లగా పులవక కుళ్లు వాసన పడుతుంది. 100 కిలోలకు 20 కిలోల తరిగిన వరిగడ్డి, 2 కిలోల బెల్లం నీళ్లు కలిపితే నిలుస్తుంది గానీ, కొన్న వరిగడ్డిని అందులో పోయడం మీకు గిట్టుబాటు కాదు. దానికంటే సైలేజ్ పంట వానలు వెళ్లాక కోతకు వచ్చేలా విత్తనమే ఆలస్యంగా వేసుకోవడం తెలివైన పని.

ఎకరం రేగడిలో ఆఫ్రికన్ టాల్ మక్కను జులై చివర నుంచి ఆగస్టు మొదటి వారం లోపు వేయండి. ఎకరానికి 16 నుంచి 20 కిలోల విత్తనం, సాళ్ల మధ్య అడుగు. ప్రతి 10, 12 సాళ్లకు ఒక మురుగు కాలువ తప్పనిసరి, రెండు రోజులు నీళ్లు నిలిస్తే మక్క పసుపెక్కి మళ్లీ కోలుకోదు. పశువుల ఎరువు ఎలాగూ మీ దగ్గరే ఉంది, దుక్కిలో దండిగా వేయండి, 50 కిలోల డీఏపీ, విత్తిన నెలకు 40 కిలోల యూరియా. పదిహేను రోజుల నుంచి మొవ్వులో కత్తెర పురుగు చూడండి. ఆకు మీద వరుసగా చిల్లులు, మొవ్వులో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే వేప మందు మొవ్వులోకి పడేలా కొట్టాలి. ఇది మేత పంట, రసాయన మందు కొట్టాల్సి వస్తే డబ్బా మీద రాసిన ఆగాల్సిన రోజులు దాటాకే కోయండి. విత్తనం కోసం మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రంలోనూ, మీ మండల పశువైద్యశాలలోనూ ముందుగా అడగండి.

అక్టోబరు చివర్లో గింజను గోరుతో నొక్కితే పాలు తగ్గి సగం పిండి కట్టి ఉంటుంది. అదే కోత సమయం. ముప్పావు అంగుళం ముక్కలు కొట్టి గుప్పెట్లో అరనిమిషం గట్టిగా పిసికి వదలండి. రసం కారితే ఇంకా పచ్చి, ఒక రోజు నీడన వాడనివ్వాలి. ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరైన తేమ. వెంటనే పొడిపొడిగా రాలిపోతే ఆలస్యమైంది, గాలి పోదు.

గుంత తవ్వమని చాలామంది చెబుతారు. మీకు అది పనికిరాదు. చెరువు కింద రేగడిలో ఊట వస్తుంది, అది ఒక కారణం. రెండోది, 6 బర్రెలకు 15 కిలోల చొప్పున రోజుకు 90 కిలోలే తీస్తారు. రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు గుంతలో అది రోజుకు రెండు అంగుళాల పొర. మన ఎండాకాలంలో రోజుకు కనీసం నాలుగైదు అంగుళాలు తీయకపోతే గాలి తగిలిన ముఖం వేడెక్కి బూజు పడుతుంది, సైలేజ్ పాడైందని చెప్పుకునే వాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న 50 కిలోల సంచులు వాడండి. రోజుకు రెండు సంచుల లోపే చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 11 టన్నులు, 220 సంచులు. ఎకరం మక్క 12 టన్నుల పైన వస్తుంది కాబట్టి తరుగు పోను సరిపోతుంది. పిడికెడు పిడికెడుగా నింపుతూ కాలితో తొక్కండి, పైన గాలి పిండేసి మెలిపెట్టి కట్టండి. చెక్క బల్లల మీద, ఎలుకలు రాని చోట, సంచికి చిల్లు పడితే ఆ రోజే టేపు వేస్తూ ఉంచాలి. 45 రోజులయ్యాక విప్పొచ్చు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, కమ్మని పులుపు వాసన ఉండాలి. నల్లగా, జిగటగా ఉన్నది పెంటకుప్పకే. 5 కిలోలతో మొదలుపెట్టి వారంలో 15కి తేండి, పాలు పిండిన తర్వాతే వేయండి, లేకపోతే పాలకు వాసన పడుతుంది.

ఎండుగడ్డికి మూసిన రెండు మడులను ఉత్తర, హస్త కార్తెల్లో, గడ్డి పూతకు వస్తుండగా, మూడు రోజులు వాన లేని సూచన చూసి కోయండి. రోజుకు రెండుసార్లు తిరగేయండి. వాము వేసే ముందు పొడి గాజు సీసాలో గుప్పెడు గడ్డి, చెంచా పొడి ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు గడ్డకడితే తేమ ఇంకా ఎక్కువే. తడి గడ్డి వాము లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. బూజు పట్టిన వరిగడ్డి బర్రెలకు మరీ ప్రమాదం. చెవుల కొనలు, తోక, కాళ్లు కుళ్లే డెగ్నాలా జబ్బు దానివల్లే వస్తుంది. ఇప్పుడున్న వరిగడ్డి వామును నేల నుంచి అడుగు ఎత్తున రాళ్లు, కర్రల మీదికి మార్చి, పైన తాటిపత్రి కప్పి, పక్కలకు గాలి ఆడేలా వదలండి.

గొర్రెల సంగతి ఆలస్యం చేయొద్దు. దవడ కింద నీరు దిగడం రక్తం పీల్చే పురుగులకో, జలగకో గుర్తు. రెండింటికీ మందు వేరు. నాలుగైదు గొర్రెల తాజా పెంటికలు వేరువేరు కవర్లలో పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి, బర్రె పేడ కూడా పట్టుకెళ్లండి. కింది కనురెప్ప వంచి చూస్తే ఎర్రగా కాకుండా తెల్లగా పాలిపోయిన వాటికి ముందు వైద్యం అందాలి. మందకంతా అదే మందు నెలనెలా తాగించడం వల్ల పురుగులు మొండికెత్తాయి, ఆ అలవాటు వద్దు. పాలిచ్చే బర్రెకు మందు వేస్తే ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో డాక్టరును అడిగి పాటించండి, ఆ పాలు తాగేది పసిపిల్లలు కూడా.

మంచు, వాన తడి ఆరాక, తొమ్మిదిన్నర, పది దాటాకే వదలండి. పోయే ముందు కాస్త ఎండు మేత వేస్తే లేత గడ్డి మీద ఆబగా పడవు. బాగా బలిసిన గొర్రె కొత్త పచ్చికకు పోయిన రోజుల్లో ఉన్నట్టుండి చచ్చిపోతే అది చిటుక రోగం. టీకా వానలకు ముందే వేయించాలి, వేయించకపోతే ఈ వారమే వేయించండి. కుంటే వాటికి గిట్టలు చెక్కి, 10 లీటర్ల నీటికి కిలో జింక్ సల్ఫేట్ కలిపిన తొట్టిలో పది నిమిషాలు నిలబెట్టి, పొడి బండల మీద ఆరనివ్వండి. మైలుతుత్తం వాడకండి, గొర్రెలు తాగితే విషం. కొట్టం గేటు దగ్గర, మడుల మలుపుల్లో రెండు ట్రాక్టర్ల మొరం పోయిస్తే సగం గిట్ట పుండ్లు అక్కడే ఆగుతాయి.

చెలకను బలపరచాలంటే వచ్చే ఏడాది తొలకరికి రెండు మడుల్లో స్టైలో హమాటా చల్లండి. ఎకరానికి 4 కిలోల చొప్పున, మీ 30 గుంటలకు 3 కిలోలు. గింజ పైపొర గట్టిది, 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇసుకతో కలిపి చల్లాలి. మొదటి ఏడు గింజ రాలేదాకా మేపొద్దు. పప్పుజాతి మేతే అయినా దీనికి కడుపు ఉబ్బదు.

10 గొర్రెలు ఇప్పుడు కొనొద్దు. జులైలో గొర్రె రేటు ఎక్కువ, మీ మడులు 30కే అంతంత మాత్రం, పైగా కొత్తవి తెచ్చే పురుగులు, నీలి నాలుక లాంటి జబ్బులు వానాకాలంలోనే మందకంతా పాకుతాయి. అక్టోబరు చివర్లో మళ్లీ చట్రం వేసి 8 మడులూ తూచండి. వాము, సంచులు, నిలిచిన గడ్డి కలిపి ఎండు పదార్థం లెక్కగట్టి, ఉన్న మందకు మే నెలాఖరు దాకా సరిపోయి ఇంకా మిగిలితే, ఆ మిగులును ఒక్కో గొర్రెకు 200 కిలోల చొప్పున భాగించండి. ఎన్ని వస్తే అన్నే కొనండి. తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా కట్టి, పెంటిక పరీక్ష, టీకాలు అయ్యాకే మందలో కలపండి.